సంతకానికి ముందా? తరువాతా?

ఈ ఏడు మన కళాశాల వక్తృత్వపు పోటీలో ఇచ్చిన విషయం: "ఎన్నికల సంవత్సరంలో ప్రభుత్వాలు విదేశాలతో వాణిజ్య ఒప్పందాలు ఆమోదించరాదు." నేను వ్యతిరేకపక్షాన పేరిచ్చాను. కెమిస్ట్రీ కుర్రాడికి ఈ గొడవెందుకని హాస్టల్లో నవ్వారు. నాకు మూడో బహుమతి కూడా రాలేదు. గంట కొట్టేసరికి నేనింకా కెనడాలోనే ఉన్నాను, ఇంటికి రానేలేదు! ఆ మిగిలిన ప్రయాణం సంపాదకవర్గం దయవల్ల ఇక్కడ పూర్తి చేస్తున్నాను.

కెనడా సంగతి ఇది. 1988 జనవరి 2న అమెరికా అధ్యక్షుడు రీగన్, కెనడా ప్రధాని మల్రోనీ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశారు. రెండు దేశాల మధ్య సుంకాలు పదేళ్ళలో అంచెలంచెలుగా పోవాలి. అయితే అమలుకు చట్టం కావాలి. ఆగస్టు ఆఖరున దిగువసభ బిల్లు ఆమోదించింది. ఎగువసభ సెనేట్‌లో మాత్రం ప్రతిపక్ష లిబరల్ పార్టీకి మెజారిటీ. ఆ పార్టీ నాయకుడు జాన్ టర్నర్, ముందు ప్రజల దగ్గరికి వెళ్ళిరండి, ఆ తరువాతే బిల్లు అన్నాడు. కెనడా సెనేటర్లు ఎన్నికైనవాళ్ళు కారు, నియమితులు. ఎన్నిక కానివాళ్ళు ఎన్నిక కోసం పట్టుబట్టడం విడ్డూరమే గాని నాకు నచ్చింది.

నవంబరు 21న పోలింగ్ పెట్టారు. ఇక ఆ రెండు నెలలూ దేశమంతా ఒకటే చర్చ. అక్టోబరు 25న టెలివిజన్‌లో నాయకులు ముఖాముఖి తలపడ్డారు. అమెరికా ఒత్తిడికి లొంగకుండా నూట ఇరవై ఏళ్ళు కట్టుకున్న దేశాన్ని ఒక్క సంతకంతో తారుమారు చేశావని టర్నర్ నిలదీశాడు. ఆరు నెలల నోటీసు ఇస్తే రద్దు చేసుకోగల పత్రం ఇది, అంతే కదా అని మల్రోనీ జవాబు. లిబరల్స్ ఒక ప్రకటన తీశారు: అమెరికా ప్రతినిధి రబ్బరు తీసుకుని పటంలో సరిహద్దు గీతను చెరిపేస్తుంటాడు. అధికార పక్షం ఊరుకుంటుందా? చెరిగిన గీతను మళ్ళీ గీస్తూ తనూ ఒక ప్రకటన తీసింది. సుంకాల పట్టికల మీద రెండు పార్టీలు ఇలా కొట్టుకోవడం మనం కలలోనైనా చూశామా?

ఫలితం? 295 స్థానాల్లో 169 మల్రోనీవి. ఓట్లు మాత్రం 43 శాతమే. ఒప్పందాన్ని కాదన్న రెండు ప్రతిపక్షాలకూ కలిపి సగానికి పైగా ఓట్లు పడ్డాయి! అయినా డిసెంబరు 30న సెనేట్ ఒప్పుకుంది, 1989 జనవరి 1 నుంచి ఒప్పందం అమలైంది. పోటీలో అవతలిపక్షం మిత్రుడు ఈ అంకె పట్టుకునే నన్ను చితక్కొట్టాడు. "జనం వద్దన్నదే అయింది గదా, ఆ ఎన్నిక దేనికి?" అని. అక్కడే నేను తడబడ్డాను. ఇప్పుడు చెబుతాను. ఎన్నిక రెఫరెండం కాదు, ఒప్పుకుంటాను. కాని జనవరి 1న వచ్చేది ఏమిటో ఆ దేశంలో ఓటరుకు ముందే తెలుసు. అంటారియోలో నయాగరా ప్రాంతపు ద్రాక్షరైతులకు దెబ్బ తగులుతుందని ముందే తెలుసు. తరువాత వాళ్ళు పాత రకం తీగలు పీకేసుకుంటే ప్రభుత్వం పరిహారమిచ్చింది. మేలురకాలు నాటినవాళ్ళు నిలదొక్కుకున్నారు, అక్కడి ద్రాక్షసారాయికి పేరూ వచ్చింది. కాబట్టి ఒప్పందమంటేనే విషమని నేననటం లేదు.

ఇక ఇంటికి వద్దాం. మాది మెట్ట ప్రాంతం, పామాయిల్ తోట. నాటిన మూడు నాలుగేళ్ళకు గెల వేస్తుంది, పాతికేళ్ళ పైన ఉంటుంది. వరి అయితే వచ్చే ఏడు మానేయొచ్చు, దీన్ని మానడమంటే తోట నరకడమే. కోసిన గెల ఒక్క రోజులో ఫ్యాక్టరీకి చేరకపోతే నూనెలో ఫ్రీ ఫ్యాటీ ఆమ్లాలు పెరిగిపోతాయి. ఆగి బేరమాడే వీలు లేదన్నమాట. దాని ధర దిగుమతి నూనె ధరతో పాటు లేస్తుంది, పడుతుంది.

ఆసియాన్ దేశాలతో మన ఒప్పందానికి చర్చలు ముగిసింది 2008 ఆగస్టులో. సంతకం జరిగింది 2009 ఆగస్టు 13న, బ్యాంకాక్‌లో. ఈ రెంటికీ నడుమ ఏమొచ్చింది? సార్వత్రిక ఎన్నికలు! మన రాష్ట్రంలో అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకేసారి. మా నాన్నను అడిగాను. నగదు బదిలీ, కలర్ టీవీ, తొమ్మిది గంటల కరెంటు గుర్తున్నాయి గాని ఆసియాన్ అన్న మాట ఏ మైకులోనూ విన్నట్టు లేదన్నాడు. ఆ ఒప్పందం ప్రకారం 80 శాతంగా లెక్కగట్టిన ముడి పామాయిల్ సుంకం 2019 చివరికి 37.5కి, 90గా ఉన్న శుద్ధి చేసిన నూనె సుంకం 45కి దిగాలి. 2010 జనవరి 1 నుంచి అమలు. పార్లమెంటులో దాని మీద ఓటింగ్ జరగలేదు, మన పద్ధతిలో జరగనక్కరలేదు. కేరళలో మానవహారం కట్టారు, నిజమే. అది 2009 అక్టోబరు 2న. అంటే సంతకం తరువాత.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. అసలు సుంకం చాలాకాలం ఆ హద్దు కంటే తక్కువే ఉంది. ముడి నూనెపై మూల సుంకాన్ని 2021 అక్టోబరులో సున్నా చేశారు, 2024 సెప్టెంబరులో 20 శాతం చేశారు, 2025 మే నెలలో 10కి దించారు. ఇదంతా మనవాళ్ళ నోటిఫికేషన్ల మహిమే, ఒప్పందం తప్పు కాదు. కాని నోటిఫికేషన్‌ను ఇంకో నోటిఫికేషన్ సరిచేస్తుంది. ఒప్పందం గీసిన హద్దును మనంతట మనం దాటలేం.

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు తీసి చూడండి. కేంద్ర జాబితాలో 14వ అంశం విదేశీ ఒప్పందాలు. రాష్ట్ర జాబితాలో 14వ అంశం వ్యవసాయం. ఒకే నంబరు, రెండు వేర్వేరు గదులు. మధ్య తలుపు లేదు. 2019 నవంబరు 4న ఆర్‌సెప్‌లో చేరబోమని ప్రధాని ప్రకటించినప్పుడు పాడిరైతులు సంతోషించారు, నేనూ సంతోషించాను. కాని ఆ 'కాదు' కూడా బ్యాంకాక్‌లోనే విన్నాం. అవునన్నా అక్కడే, కాదన్నా అక్కడే!

ఎన్నికల వేడిలో ఇంత క్లిష్టమైన విషయం జనానికెక్కదని మన లెక్చరర్లలో కొందరంటారు. బస్తాకు ఎంత తరుగు తీస్తారో, టన్నుకు ఎంత దిగిందో నోటిలెక్క వేసే రైతుకు 80, 37.5 ఎక్కవా? సంతకానికి ఆరు నెలల ముందు ముసాయిదా బయటపెట్టండి, పంటల భాగాన్ని శాసనసభల్లో చర్చించండి, పార్లమెంటులో ఓటు వేయించండి. ఆ ఆరు నెలల్లో ఎన్నికలొస్తే మరీ మంచిది.

పోటీ అయిన వారం ఇంటికెళ్ళి నాన్నకు ఇదంతా చెప్పాను. అంతా విని, "ఆ కాగితం తెలుగులో దొరుకుతుందిరా?" అన్నాడు. ఇంగ్లీషులోనే చూశానన్నాను. "అయితే నువ్వే చదివి చెప్పు" అన్నాడు. సెలవుల్లో మొదలుపెట్టాను. ఇంకా సుంకాల పట్టికల దగ్గరే ఉన్నాను.