తొమ్మిదవ తరగతి మార్కులును, అమెరికా క్రీడావేతనములును

ఈ నడుమ రాజోలు ప్రాంతపు రైతొకరు మా కార్యాలయమునకు విచ్చేసి, చేతిసంచిలోనుండి రంగులద్దిన కరపత్రమొకటి తీసి మా ముందుంచిరి. ఆయన కుమార్తె ఇంటర్మీడియటు రెండవ సంవత్సరము చదువుచున్నది. నాలుగువందల మీటర్ల పరుగున జిల్లాలో బహుమానములందిన పిల్ల. అమెరికా కళాశాలలు ఆటగాండ్రకు ఉచితముగా చదువు చెప్పించుననియు, శాట్ పరీక్షకు తరిఫీదిచ్చి విద్యార్థివేతనము తెప్పించు భారమంతయు తమదే యనియు, అందులకు కొన్ని లక్షల రూపాయలు ముందుగా చెల్లింపవలయుననియు ఆ కరపత్రమున నున్నది. ఎకరము కొబ్బరితోట తాకట్టుపెట్టి యీ పైకము కట్టవచ్చునా యని ఆయన ప్రశ్న.

ఇది యొక్క తండ్రి ప్రశ్న కాదు గనుక ఇచ్చటనే బదులు చెప్పుచున్నాము. దూరదేశములకు పోవుట కోనసీమకు క్రొత్త గాదు. గల్ఫు దేశములనుండి వచ్చు సొమ్ముతో లేచిన మేడలు రాజోలు, మలికిపురము ప్రాంతములందు ఊరూర గానవచ్చును. చదువు నిమిత్తము అమెరికా చేరిన భారతీయ విద్యార్థులు 2023-24 సంవత్సరమున 3,31,602 మంది. ఆ యేట మరి యే దేశమును అంతమందిని పంపలేదు. ఆ పెద్దదారి ప్రక్కన ఇప్పుడు ఆటల పేర నొక సన్నదారి తెరచిరి. దారి యున్నమాట నిజమే. దాని వాకిట నిలిచి సుంకము వసూలుచేయువారు చెప్పునదంతయు నిజము గాదు.

మొదట పరీక్ష సంగతి. కళాశాలల క్రీడలను ఏలు ఎన్.సి.ఎ.ఎ. యను సంఘము ఆటగాండ్ర యర్హతకు శాట్ వంటి పరీక్షలు అక్కరలేదని 2023 జనవరిలోనే నిర్ణయించినది. అయినను విశ్వవిద్యాలయములు తమ ప్రవేశమునకు వేరుగ అడుగవచ్చును. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము 2022లోను, డార్ట్‌మత్, యేల్, హార్వర్డులు 2024లోను ఆ పరీక్షను మరల విధించినవి. విశేషమేమన, హార్వర్డు మొదలగు నెనిమిది ప్రాచీన విద్యాలయములు ఆట నిమిత్తము దమ్మిడీ వేతనమీయవు; మూడవ శ్రేణి కళాశాలలును ఈయవు. అట్టిచోట్ల చదువును, కుటుంబపు స్థితిగతులును చూచి యిచ్చు సహాయమే దిక్కు. పరీక్ష యన్ననో, కంప్యూటరుపై రెండుగంటల పదునాలుగు నిమిషముల పని, 1600 మార్కుల లెక్క. అందలి గణితము మన పిల్లలకు లెక్క గాదు. ఆంగ్లమున నిచ్చిన చిన్నభాగమును చదివి భావము గ్రహించుటయే కష్టము. బట్టీపట్టుట తప్ప చదువుట నేర్పని చోట అది యెట్లు అలవడును?

అసలు చిక్కు వేరొకటి. ప్రథమశ్రేణి కళాశాలలో ఆడదలచినవారు తొమ్మిదవ తరగతి మొదలుకొని నాలుగేండ్లలో పదునారు ముఖ్యపాఠములు ముగించి, నాలుగింట రెండుంబావుకు మించిన సగటు, అనగా 2.3, నిలుపుకొనవలయును. అందులో నాలుగేండ్ల ఆంగ్లము, మూడేండ్ల గణితము, రెండేండ్ల విజ్ఞానశాస్త్రము, రెండేండ్ల సాంఘికశాస్త్రము తప్పనిసరి. మన దేశమున తొమ్మిదవ తరగతి మార్కులను అడుగువాడెవడు? పదవ తరగతి తొందరలో తొమ్మిదవ తరగతి పుస్తకములనే మూలబెట్టు పాఠశాలలు గలవు. ఆ మార్కుల జాబితాలను వేసవి సెలవులలో చిత్తుకాగితములతో గలిపి అమ్మివైచు తల్లిదండ్రులు అంతకన్న నెక్కువమంది గలరు. పదునాలుగేండ్ల ప్రాయమున చదివిన చదువును పదునెనిమిదవ యేట దిద్దుట బ్రహ్మతరము గాదు. కరపత్రమున నీ పదునారు పాఠముల ప్రస్తావనయే లేదు. ఆ పిల్ల తొమ్మిదవ తరగతి మార్కులు చూచితిరా యని తరిఫీదు వారిని అడిగి రమ్మని రైతుగారితో చెప్పితిమి. అడిగి వచ్చిరి. పైకము కట్టిన పిమ్మట చూతుమనిరట!

ఇక పరుగు. మట్టినేలపై సున్నపుగీతల నడుమ పరుగెత్తగా, చేతిలోని స్టాపువాచి చూచి వ్రాసిన కాలమును విదేశపు శిక్షకుడు నమ్మడు. యంత్రము కొలిచిన కాలము, గుర్తింపుగల పోటీలో నమోదైనది కావలయును. అమెరికా ఉన్నతపాఠశాలలలో ఆడు పిల్లలలోనే నూటికి ఇద్దరికి మాత్రమే ఏదో కొంత క్రీడావేతనము దొరకుచున్నదని ఆ సంఘమే ప్రకటించినది. దొరికినదియు తరచు సగమో, పాతికయో. మిగిలినది డాలర్లలో తండ్రియే కట్టుకొనవలయును.

మన పిల్లలు బాగుగ నాడు ఆటలన్నియు అచ్చట చెల్లునా యన్న, అదియును లేదు. చెడుగుడు వారికి తెలియదు. బ్యాడ్మింటన్‌కు ఆ సంఘమువారి పోటీయే లేదు. అమలాపురమున పుట్టి పెరిగిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజు చిరాగ్ శెట్టితో జతకట్టి 2022లో కామన్వెల్తు క్రీడలందు, 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలందు స్వర్ణములు గొని, ఆ యేటి అక్టోబరున జంటల ఆటలో లోకమున ప్రథమస్థానమందెను. ఆ చేతికి అమెరికా కళాశాల చూపగల తావు లేదు! ఆయనకు తావు చూపినది హైదరాబాదున పుల్లెల గోపీచంద్ నెలకొల్పిన శిక్షణాలయము. ఐనను అమలాపురము విడువక తప్పినదా? తప్పలేదు. ఈ మాట మన గర్వమునకు కొంత కళ్లెము వేయును.

పరదేశము పోవుటయే స్వదేశద్రోహమని మేమనము. ఉయ్యూరున పుట్టిన మైనేని సాకేత్ అలబామా విశ్వవిద్యాలయమున చదువుచు టెన్నిసు ఆడెను. 2014లో ఇంచియోన్ ఆసియా క్రీడలందు సానియా మీర్జాతో గూడి మిశ్రమ జంటల స్వర్ణమును, సనమ్ సింగుతో గూడి పురుషుల జంటల రజతమును దేశమునకు దెచ్చెను. ఆ సనమ్ సింగును వర్జీనియా విశ్వవిద్యాలయమున నాడినవాడే. పోయి వచ్చినవారిని మనమెట్లు చూచితిమి? కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున చదువుచు అచ్చటి కళాశాలల పోటీలో 2018లోను, 2022లోను ఎత్తుదూకుట గెలిచిన తేజస్విన్ శంకర్‌ను, ఇచ్చటి అంతర్రాష్ట్ర పోటీకి రాలేదన్న కారణమున, మన క్రీడాసంఘము 2022 కామన్వెల్తు జట్టున చేర్పలేదు. అతడు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కి చోటు సంపాదించుకొని, 2.22 మీటర్లు దూకి కాంస్యపతకము తెచ్చెను. దేశమునకై దూకుటకు దేశముతోనే వ్యాజ్యమాడవలసివచ్చినది.

అమెరికా వారి యేర్పాటున మనము గ్రహింపదగిన దొక్కటే కలదు. చదువులో సగటు తగ్గినవాడు ఆటకు అనర్హుడనుటలో, ఆటగాడు చదువరియు గావలయునను పట్టు కలదు. (వారి కళాశాలలలో ఆట వ్యాపారమైపోయిన వైనము మరొక కథ, దానిని అనుకరింపుడని మేము చెప్పము.) మనమో, పదవ తరగతి ముగియగానే పిల్లను ఆటస్థలము లేని వసతి కళాశాలలో చేర్చి, తెల్లవారుజామునుండి రాత్రి వరకు గది విడువనీయము. రెండేండ్ల పిమ్మట పరుగు మాని, కాళ్లు బిగిసిన పిల్లకు క్రీడావేతనము తెప్పింతుమని మరియొకరు లక్షలడుగుదురు. మొదటివారికి కట్టినదియు తండ్రియే, రెండవవారికి కట్టునదియు తండ్రియే.

2022లో కోనసీమ ప్రత్యేకజిల్లా యైనది. ఈ జిల్లాలో ప్రతి ఉన్నతపాఠశాలయు తొమ్మిదవ తరగతినుండి ప్రతి విద్యార్థి మార్కులను ముద్రవేసి యిచ్చుటకును, జిల్లాపోటీలలో పరుగుపందెములను యంత్రముతో కొలుచుటకును ఎంత ఖర్చగును? డ్రిల్లు పీరియడును గణితోపాధ్యాయునికి అరువిచ్చు నాచారము మానుటకైతే కానియు నక్కరలేదు. ఇంటర్మీడియటు కళాశాలకు అనుమతి యిచ్చు నధికారులు ఆటస్థలమును కాగితముపై గాక కాలితో త్రొక్కి చూడవలయునని కోరుచున్నాము.

రైతుగారు తోట తాకట్టు పెట్టలేదు. కుమార్తె చదివిన పాఠశాలకు పోయి తొమ్మిదవ తరగతి రికార్డు అడిగిరి. రెండుమార్లు త్రిప్పి, మూడవమారు బీరువా తెరచి వెదకి యిచ్చిరట. సగటు బాగుగనే యున్నది. ఇప్పుడు కావలసినది రాష్ట్రపోటీలో యంత్రము కొలిచిన కాలము. అందులకు ఆ పిల్ల వేకువనే ఏటిగట్టుమీద పరుగెత్తుచున్నది. కళాశాలవారు మాత్రము హాజరు తగ్గుచున్నదని తండ్రికి జాబు వ్రాసిరి.