ఆ నలుగురికీ ఏం హక్కు?

“నలుగురూ ఏమనుకుంటారు?” మన ఇళ్లలో చదువు దగ్గర, పెళ్లి దగ్గర, చివరికి చావు దగ్గర కూడా ముందుగా లేచే ప్రశ్న ఇదే. ఆ నలుగురూ ఎవరు, వాళ్లకా పెత్తనం ఎవరిచ్చారు అని మాత్రం అడగం. అడిగి తీరాలంటుంది ఉదారవాదం.

ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో ‘ఆన్ లిబర్టీ’ రాసినప్పుడు ఆయన్ని ఎక్కువగా కలవరపెట్టింది ప్రభువుల దౌర్జన్యం కాదు, సంఘం దౌర్జన్యం. ఆయన గీసిన గీత ఒక్కటే: ఇంకొకరికి హాని చేయనంతవరకు ఎవరి బతుకు మీద వాళ్లదే అధికారం. ఎదుటివాడి తీరు నచ్చకపోవడం హాని కాదు. వాడివల్ల మన పరువు పోయిందనుకోవడమూ హాని కాదు.

సంఘం దౌర్జన్యం ఎంత బలమైనదో చెప్పడానికి రాజమండ్రి చరిత్రే సాక్ష్యం. వితంతు పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చింది. సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం గారు అక్కడ వితంతువు గౌరమ్మకూ గోగులపాటి శ్రీరాములుకూ పెళ్లి జరిపించింది 1881 డిసెంబరు 11న. పాతికేళ్లపాటు ఆ చట్టాన్ని ఇక్కడ కాగితం మీదే ఉంచిన ఆయుధం పేరు వెలి. పురోహితుడు గడప తొక్కడు, బంధువులు పంక్తిలో కూచోనివ్వరు, చచ్చిపోతే పాడె మోయడానికి మనిషి రాడు. ఆచారానికి భక్తి పేరు పెట్టుకున్నాం గాని, దాన్ని నిలబెట్టింది ఈ భయమే.

బలవంతంతో పెదవులు కదిలించవచ్చు, నమ్మకం పుట్టించలేం అని మరో ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ 1689లోనే వాదించాడు. హేతువాదులం మనమూ దీనికి కట్టుబడాలి. పొరుగింటావిడ ఉపవాసం ఉంటే అది ఆమె ఇష్టం. కోడలి చేత బలవంతంగా ఉపవాసం చేయిస్తే మాత్రం ఊరుకోకూడదు.

అలాగని ఈ పెద్దల పుస్తకాలను వేదాలు చేసుకోనక్కర్లేదు. లాక్ తన సహనంలో నాస్తికులకు చోటివ్వలేదు. ఈస్టిండియా కంపెనీలో కొలువు చేసిన మిల్, వెనకబడ్డవనుకున్న జాతులకు ఈ స్వేచ్ఛ వర్తించదన్నాడు. వాళ్ల సూత్రంతో కొలిస్తే వాళ్లే తప్పారు. “ఇదంతా పడమటి సరుకు” అనేవారికి ఒక మాట: మళ్లీ ఒక జీవితం కావాలని కోరుకోవడానికి వితంతువు మిల్‌ను చదవనక్కర్లేదు. ముసాయిదా రాజ్యాంగం గ్రామాన్ని వదిలి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో సంతోషం ప్రకటించిన అంబేడ్కర్‌కు, ఊరు అంటరానివాణ్ణి ఎక్కడ ఉంచుతుందో స్వయంగా తెలుసు.

రాజ్యాంగం ప్రమాణంగా తీసుకున్న ఆ వ్యక్తి ఇంకా పూర్తిగా గెలవలేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద మతాంతర వివాహం చేసుకోవాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటిస్తారు. కులం, మతం, తల్లిదండ్రుల అయిష్టం చట్టప్రకారం అభ్యంతరాలే కావు. అయినా ఆ కాగితమే ఇంటికి కబురు మోసే ప్రమాదం ఉంది. ఇద్దరు మేజర్లు ఇష్టపడితే కుటుంబం, కులం అనుమతి అక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మన నట్టింట్లోకి ఎప్పుడొస్తుంది?

ఈసారి ఆ పాత ప్రశ్న లేచినప్పుడు, నలుగురినీ కాసేపు గుమ్మం బయట ఉంచుదాం. పెళ్లి ఎవరిదో వాళ్లనే అడుగుదాం: “నువ్వేమనుకుంటున్నావు?”