చెయ్యి విరిగితే బదులు ఆటగాడొస్తాడు.. మరి తొడ కండరం పట్టేస్తే? దేశవాళీ క్రికెట్‌లో కొత్త రూల్‌పై చర్చ

2023 రంజీ క్వార్టర్ ఫైనల్ గుర్తుందా? ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో మ్యాచ్. అవేశ్ ఖాన్ బౌన్సర్ తగిలి ఆంధ్ర కెప్టెన్ హనుమ విహారి ఎడమ మణికట్టు విరిగింది. అయినా చివర్లో మళ్లీ క్రీజులోకి వచ్చాడు. విరిగిన చెయ్యి బౌలర్‌కు ఎదురు పడకుండా ఎడమచేతి వాటంలో నిలబడి ఆడాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ అంతే. ఆ వీడియోకు సోషల్ మీడియా సలాం కొట్టింది. మ్యాచ్ మాత్రం చేజారింది. తొలి ఇన్నింగ్స్‌లో 379 కొట్టిన ఆంధ్ర, రెండో ఇన్నింగ్స్‌లో 93కే కుప్పకూలింది.

ఇప్పుడైతే విహారి అలా ఆడాల్సిన పని లేదు. 2025-26 సీజన్ నుంచి దేశవాళీ మల్టీ డే మ్యాచుల్లో 'సీరియస్ ఇంజ్యూరీ రీప్లేస్‌మెంట్' రూల్ తెచ్చింది బీసీసీఐ. రంజీ, దులీప్ ట్రోఫీలతో పాటు అండర్-23 కుర్రాళ్ల సీకే నాయుడు ట్రోఫీకీ ఇది వర్తిస్తుంది. విజయ్ హజారే, ముస్తాక్ అలీ టోర్నీలకు మాత్రం లేదు.

ఇప్పటిదాకా తలకు దెబ్బ తగిలితేనే పూర్తి స్థాయి బదులు ఆటగాడు వచ్చేవాడు. మిగతా గాయాలకు వచ్చే సబ్‌స్టిట్యూట్ ఫీల్డింగ్ చేస్తాడు, అవసరమైతే కీపింగ్ చేస్తాడు. బ్యాటింగ్, బౌలింగ్ కుదరవు. కొత్త రూల్‌లో వచ్చినవాడు అన్నీ చేయొచ్చు. రికార్డుల్లో ఇద్దరూ మ్యాచ్ ఆడినట్టే లెక్క.

షరతులు మాత్రం గట్టివే. గాయం ఆట జరుగుతుండగా, మైదానంలోనే అవ్వాలి. బయటి నుంచి తగిలిన దెబ్బ అయి ఉండాలి. ఎముక విరగడం, కీలు తప్పడం, లోతైన గాయం లాంటివన్నమాట. ఇక ఈ మ్యాచ్ ఆడలేడని తేలాలి. గాయం తీవ్రతను అంపైర్లు తేలుస్తారు. కావాలంటే రిఫరీని, డాక్టర్‌ను అడుగుతారు. బ్యాటర్‌కు బ్యాటర్, స్పిన్నర్‌కు స్పిన్నర్.. అదీ టాస్ టైమ్‌లో ఇచ్చిన సబ్‌స్టిట్యూట్ల లిస్టులోంచే. కీపర్ విషయంలో కాస్త సడలింపు ఉంది. రిఫరీ మాటే ఫైనల్, అప్పీల్ లేదు.

ఈ రూల్‌కు ముందు ఇంగ్లండ్‌లో పెద్ద రచ్చే జరిగింది. మాంచెస్టర్ టెస్టులో పాదం విరిగినా పంత్ కుంటుకుంటూ వచ్చి హాఫ్ సెంచరీ పూర్తి చేశాడు. ఓవల్‌లో భుజం జారిన క్రిస్ వోక్స్, చేతికి కట్టుతో బ్యాట్ పట్టుకొచ్చాడు. బదులు ఆటగాడు ఉండాల్సిందేనని గంభీర్ అన్నాడు. స్టోక్స్ ఆ ఆలోచననే కొట్టిపారేశాడు. ఏ బౌలర్‌కు ఎంఆర్ఐ తీసినా ఏదో ఒక వాపు కనపడుతుంది, దాన్ని సాకుగా వాడుకుంటారన్నది అతని వాదన.

స్టోక్స్ భయం ఉత్తిదేం కాదు. బయటి దెబ్బే అవ్వాలన్న షరతు ఆ దొంగదారిని మూసేసింది కూడా. కానీ దాంతో పాటే ఇంకో తలుపూ మూసుకుపోయింది. ఫాస్ట్ బౌలర్లను ఎక్కువగా కూర్చోబెట్టేది బంతి దెబ్బ కాదు.. తొడ కండరం, పక్కటెముకల దగ్గర పట్టేయడం, నడుము. మొదటి రోజు నాలుగో ఓవర్లో పేసర్ తొడ పట్టుకుని కూలబడితే, ఆ జట్టు దాదాపు నాలుగు రోజులూ ఒక బౌలర్ తక్కువతోనే నెట్టుకురావాలి. రూల్ అక్కడ నోరు మెదపదు. ఆస్ట్రేలియా షెఫీల్డ్ షీల్డ్ ట్రయల్‌లో కండరాల గాయాలకూ అవకాశం ఇచ్చారు. కాకపోతే గడువు రెండో రోజు ఆట ముగిసే దాకానే, అవతలి జట్టుకూ ఒక మార్పు చేసుకునే వీలుంటుంది. దుర్వినియోగానికి అదీ ఒక విరుగుడే.

అన్నిటికంటే ఈ మార్పు అవసరం ఉన్నది సీకే నాయుడు ట్రోఫీ కుర్రాళ్లకే. పంత్‌కు గాయమైతే టెస్టులో చోటు పోదు. ఇరవై ఏళ్ల కుర్రాడికి వేలు చిట్లితే చెప్పాలా వద్దా అన్నదే పెద్ద ప్రశ్న. చెబితే ఆ మ్యాచ్‌లో ఇక బ్యాట్ పట్టుకునే ఛాన్స్ ఉండదు. పైగా తన ప్లేస్‌లో వచ్చినవాడు సెంచరీ కొడితే వచ్చే మ్యాచ్‌కు ఎవర్ని తీసుకుంటారు? ఆ లెక్క వేసుకుని టేపు చుట్టుకుని ఆడేవాళ్లను ఈ రూల్ ఆపలేదు. ఎందుకంటే బదులు ఆటగాడి కోసం ఫారం ఇవ్వాల్సింది టీమ్ మేనేజర్. ఆయనకు ముందు ఆ కుర్రాడు నోరు విప్పాలి.