కింద మంట, పైన హైడ్రోజన్

మన ఐసీ ఇంజన్స్ సబ్జెక్టులో హాట్ ట్యూబ్ ఇగ్నిషన్‌కి దక్కే చోటు ఒకటి రెండు లైన్లే. పాత పద్ధతి, ఇప్పుడు వాడరు, అంతే. వైవాలో అడగరు కాబట్టి మనమూ చదవం. నాకైతే ఇది అన్యాయం అనిపిస్తుంది.

దీనికి స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌కి తగిలించిన చిన్న గొట్టాన్ని బయటి నుంచి బర్నర్ మంటతో ఎర్రగా కాలుస్తూనే ఉండాలి. నేలమీద నడిచే బండికి ఫరవాలేదు. కానీ జర్మనీలో వోల్ఫర్ట్ అనే ఆయన ఇలాంటి డైమ్లర్ ఇంజన్‌నే ఎయిర్‌షిప్ కింద వేలాడదీశాడు! 1888లో 2 హార్స్‌పవర్ ఇంజన్‌తో క్షేమంగా ఎగిరింది. 1897 జూన్ 12న, బెర్లిన్‌లోని టెంపెల్‌హోఫ్‌లో, పైన హైడ్రోజన్, కింద మంట. గాలిలోనే అంటుకుంది. వోల్ఫర్ట్, ఆయన మెకానిక్ ఇద్దరూ చనిపోయారు. మ్యాగ్నెటో ఇగ్నిషన్ ఎందుకొచ్చిందని అడిగితే "ఎఫిషియన్సీ కోసం సార్" అనేస్తాం మనం. ఆ తేదీ కూడా చెప్పాలి కదా?

మూడేళ్ళకి, 1900లో, జెప్పెలిన్ మొదటి ఓడ ఎల్‌జెడ్-1 లేచింది. పొడవు 128 మీటర్లు. ఇంజన్లు రెండు, ఒక్కోటి సుమారు 14 హార్స్‌పవర్. అంటే హాస్టల్ ముందు నిలబెట్టే రెండు 150 సీసీ బైకుల బలం! గాలి కాస్త ఎదురుతిరిగితే ఇంకేం కదులుతుంది?

అయితే శక్తి పెంచితే చాలదని 1908 ఆగస్టు 5న తేలింది. ఎల్‌జెడ్-4కి ఇంజన్‌లో బేరింగ్ కరిగి, ఎక్టర్‌డింగెన్ పొలాల్లో దిగాల్సొచ్చింది. రిపేరు జరుగుతుండగా ఈదురుగాలి తాళ్ళు తెంపేసింది, ఓడ కాలిపోయింది. అందరూ గాలిని తిట్టారు. నేను మాత్రం బేరింగ్‌నే అంటాను. ఇంజన్ ఆగకపోతే అది ఆ పొలంలో ఉండేదే కాదు.

విమానం ఇంజన్ తేలిగ్గా ఉంటే సగం గెలిచినట్టే. ఎయిర్‌షిప్ ఇంజన్ గంటల తరబడి ఆగకుండా తిరగాలి, ఇంధనమూ తక్కువ తాగాలి. ఆ ప్రమాదం తర్వాతే విల్‌హెల్మ్ మేబాక్, కొడుకు కార్ల్ కలిసి ఎయిర్‌షిప్‌ల కోసమే ఇంజన్లు చేసే కంపెనీ 1909లో మొదలుపెట్టారు. అయినా ఎవరూ వాటిని గుడ్డిగా నమ్మలేదు. తర్వాతి జెప్పెలిన్లలో ఇంజన్ పక్కనే, ఆ హోరులో, వేడిలో, మెకానిక్ కూర్చునేవాడు. ఆగితే గాల్లోనే విప్పి బాగుచెయ్యాలి మరి.