సహాయాలు అనేకం, సంసారం ఒక్కటి

దారిద్ర్యం ఒక ఇంటికి ఒకే ద్వారం గుండా రాదు. రోగం ఒక వైపు నుండి, అప్పు మరొక వైపు నుండి, పిల్లవాని చదువు ఆగిపోవడం ఇంకొక వైపు నుండి వచ్చి ఆ ఇంటిని చుట్టుముడతాయి. దానిని ఎదుర్కొనే ఏర్పాట్లు మాత్రం శాఖలవారీగా ఉంటాయి. వైద్యం ఒక శాఖ, పింఛను మరొక శాఖ, బియ్యం వేరొక శాఖ, విద్యార్థివేతనం ఇంకొక శాఖ. వీటన్నిటినీ ఒకచోట కూర్చే బాధ్యత ఎవరిది? మన ఉద్దానంలో ఆ బాధ్యతను రోగి భార్యయో, తల్లియో, బడికి వెళ్ళవలసిన కుమార్తెయో మోస్తున్నదని నా అభిప్రాయం. ఈ స్థితి మారాలంటే ముందుగా దానిని శాస్త్రీయంగా పరిశీలించాలి. ఆ పరిశీలనకు మన కళాశాల పూనుకోవాలని విద్యార్థి మిత్రులకు, పాలకవర్గానికి విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉద్యానవనమనే మాటే ఉద్దానమైనదని పెద్దలంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట మొదలుకొని మందస, పలాస, వజ్రపుకొత్తూరు వరకు సముద్రతీరం వెంట కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు పరచుకొని ఉన్నాయి. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు దేశమంతటా ప్రసిద్ధి చెందింది. పూండి స్టేషనులో దిగి సముద్రం వైపు సాగే ప్రయాణికునికి ఇది లేమి ఎరుగని సీమవలె కనిపించవచ్చు. కాని ఆ పచ్చదనం నీడలోనే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా మనుషులను బలిగొంటున్నది. 1990 దశకం నుండి వైద్యుల దృష్టికి వచ్చిన ఈ వ్యాధి, మధుమేహం లేనివారిని కూడా, పొలాలలో తోటలలో కాయకష్టం చేసేవారిని కూడా పట్టుకోవడం విశేషం. 2020లో ప్రచురితమైన ఒక సర్వేలో, సుమారు 2,400 మంది వయోజనులను పరీక్షించగా, 21 శాతం మందిలో ఈ వ్యాధి లక్షణాలు కనిపించాయి. అనగా ప్రతి అయిదుగురిలో ఒకరు! నీరు, నేల, ఎండ, పురుగుమందులు, వంశపారంపర్యం ఇట్లా అనేక కారణాలను శాస్త్రజ్ఞులు పరిశీలించారు. మూలకారణం మాత్రం ఇంకా నిర్ధారణ కాలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. ఒకనాడు ఈ ప్రాంతపు రోగికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రియే దిక్కు. 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైంది. తరువాత సోంపేట, పలాస వంటి చోట్ల డయాలిసిస్ కేంద్రాలు వెలిశాయి. డయాలిసిస్ రోగులకు 2017లో నెలకు 2,500 రూపాయల పింఛను మంజూరైంది. 2019లో అది 10,000 రూపాయలకు పెరిగింది. 2019 సెప్టెంబరు 6న పలాసలో శంకుస్థాపన జరిగిన 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని ఉద్దానం గ్రామాలకు చేర్చే భారీ మంచినీటి పథకాన్ని కూడా అదే రోజున ప్రారంభించారు. ఇవి స్వల్పమైన పనులు కావు. వీటి వెనుక ప్రజల ఆందోళన ఉన్నది, పార్టీలకు అతీతమైన ఒత్తిడి ఉన్నది.

ఐతే ఈ మేళ్ళన్నీ ఒక ఇంటి గడపను ఎట్లా చేరుతున్నాయో చూద్దాం. తోటలో కూలికి వెళ్ళే భర్త, జీడిపిక్కలు కొట్టే భార్య, ఇద్దరు పిల్లలు గల ఒక కుటుంబాన్ని ఊహించండి. భర్తకు వారానికి రెండు మూడు పర్యాయాలు డయాలిసిస్ తప్పదు. ఒక్కొక్క పర్యాయం యంత్రం ముందు సుమారు నాలుగు గంటలు గడవాలి. రాకపోకలతో కలిపితే దినమంతా అక్కడికే చెల్లు. తోడుగా భార్య వెళ్ళాలి, కనుక ఆమె కూలి కూడా పోతుంది. చికిత్స ఉచితమే, కాని ఆ కోల్పోయిన కూలి ఏ శాఖ లెక్కలోనూ చేరదు. తల్లి లేని పూట చిన్నవానిని చూసుకొనేందుకు పెద్దమ్మాయి బడి మానుతుంది. బడి రిజిస్టరులో ఆమె గైర్హాజరు మాత్రమే నమోదవుతుంది. ఆ గైర్హాజరుకు, ఆసుపత్రి పట్టికలోని తండ్రి పేరుకు సంబంధమున్నదని ఏ రిజిస్టరూ చెప్పదు.

మరొక చిక్కును గమనించండి. 2019 తరువాతి పింఛను నియమాలలో, డయాలిసిస్ దశకు చేరని రోగికి రక్తంలో క్రియాటినిన్ 5 మిల్లీగ్రాములు దాటాలనే కొలబద్ద పెట్టారు. అది 3 వద్దనో 4 వద్దనో ఉన్న మనిషికి బరువు పని చేసే శక్తి అప్పటికే సన్నగిల్లుతుంది. జాగ్రత్తగా కాపాడుకొంటే మూత్రపిండాలు మరికొన్ని సంవత్సరాలు పనిచేసే అవకాశం కూడా అప్పుడే ఉంటుంది. సహాయం మిక్కిలి ఉపయోగపడే ఆ దశలోనే ఆ కుటుంబం నియమాల వెలుపల నిలబడుతున్నది. ఆహారం సంగతి చూచినా అంతే. వ్యాధి ముదిరిన రోగి పొటాషియం కారణంగా కొబ్బరినీళ్ళు కూడా మానవలసి వస్తుంది. కొబ్బరిసీమలో పుట్టినవానికి ఇంతకంటె కఠినమైన పథ్యం ఉంటుందా? ఆ పథ్యాన్ని వివరించేది వైద్యుడు, బియ్యం ఇచ్చేది చౌకధరల దుకాణం. ఈ రెండింటి నడుమ గృహిణి తనకు తోచిన విధంగా వండిపెడుతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని తాకినప్పుడు ఈ విడివిడి పద్ధతిలోని లోపం మరింత స్పష్టమైంది. కొబ్బరికి నష్టపరిహారాన్ని చెట్ల లెక్కన నిర్ణయించారు. తోటల యజమానులకు అది న్యాయమే. కాని ఆ చెట్లనే నమ్ముకొని కూలిచేసే కుటుంబానికి తనదని చూపించుకొనే చెట్టు లేదు. కరెంటు లేక దినాల తరబడి గ్రామాలు చీకటిలో మునిగిన ఆ సమయంలో రోగం, తుపాను, నిరుద్యోగం మూడూ ఒకే ఇంటిని కొట్టాయి. సహాయం మాత్రం మూడు జాబితాలుగా చీలిపోయింది.

సేవలను కలిపి అందించాలనే ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. 1975 అక్టోబరు 2న 33 ప్రాంతాలలో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం పౌష్టికాహారాన్ని, టీకాలను, ఆరోగ్య పరీక్షలను, బడికి ముందరి విద్యను ఒకే కేంద్రం ద్వారా తల్లీబిడ్డలకు అందించాలని సంకల్పించింది. మన గ్రామంలోని అంగన్‌వాడీ దాని ఫలమే. విదేశాలలో ఈ విషయంపై నిశిత పరిశోధనలు జరిగాయి. కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో, ప్రభుత్వ భృతిపై బ్రతికే ఒంటరి తల్లుల కుటుంబాలను మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2001లో ఫలితాలను ప్రకటించారు. ఎవరికి కావలసిన సేవను వారే వెతుక్కొమ్మని వదలివేయడం కంటె, కార్యకర్తలే ఇంటికి వెళ్ళి ఆరోగ్యం, ఉద్యోగ శిక్షణ, పిల్లల సంరక్షణ మొదలైన సేవలను కలిపి అందించడం ఎక్కువ ప్రయోజనకరమనీ, ఖర్చు కూడా తక్కువేననీ వారు తేల్చారు.

తెలుగునాట ఇటువంటి ఒక ప్రయత్నపు ఫలితం వేరుగా ఉన్నది. అది కూడా మనం తెలుసుకోదగినదే. 2015లో ఆరు దేశాల అధ్యయనమొకటి వెలువడింది. నిరుపేదలకు పశువుల వంటి జీవనాధారం, కొంతకాలం భృతి, శిక్షణ, పొదుపు, ఆరోగ్య సలహా కలిపి ఇస్తే వారి స్థితి మెరుగుపడిందని అది చెప్పింది. అదే సంవత్సరం ప్రచురితమైన మరొక పరిశోధన, పూర్వపు మెదక్ జిల్లాలో అదే తరహా కార్యక్రమాన్ని పరిశీలించి, దానివలన నికరమైన లాభం కనిపించలేదని ప్రకటించింది. కారణమేమి? పశువులను మేపేందుకు ఆ కుటుంబాలు కూలిపనులు తగ్గించుకున్నాయి. కూలిరేట్లు పెరుగుతున్న ఆ రోజులలో, ఏ సహాయమూ అందని ఇరుగుపొరుగువారు కూలి ద్వారానే అంతే సంపాదించారు. కలిపి ఇచ్చినంత మాత్రాన మేలు జరుగుతుందని అనుకోరాదు. ఆ ఇల్లు అప్పటికే ఏ విధంగా గడుస్తున్నదో, ఏది ఇస్తే ఏది తగ్గుతుందో ముందుగా గ్రహించాలి. పరిశోధన అవసరం ఇక్కడనే ఉన్నది.

మన ధార్మిక సంప్రదాయం ఈ విషయంలో ఒక చక్కని సూచన చేస్తున్నది. జకాత్ ధనానికి అర్హులైన ఎనిమిది వర్గాలను పవిత్ర ఖురాన్ తౌబా అధ్యాయంలోని 60వ వచనం పేర్కొంటుంది. ఆ ధనం వసూలు, పంపిణీ పనులలో నియుక్తులైనవారు కూడా ఆ ఎనిమిదింటిలో ఒక వర్గం. దానాన్ని అర్హునికి చేర్చడం తీరిక వేళ చేసే పని కాదనీ, అందుకు మనిషిని నియమించి ప్రతిఫలం ఇవ్వాలనీ దీనివలన తెలుస్తున్నది. ఉద్దానంలో లోపించినది అటువంటి అనుసంధానకర్తయే. గ్రామానికి ఒకరు కాకున్నా, డయాలిసిస్ కేంద్రానికి ఒకరు చొప్పున, రోగితోపాటు వచ్చినవారిని కూర్చోబెట్టి పింఛను, రేషను, విద్యార్థివేతనం, పిల్లల వసతిగృహం వివరాలన్నీ ఒకేసారి చూచిపెట్టే వ్యక్తి ఉండాలి.

2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామ సచివాలయాలు ఉండగా ఇదంతా ఎందుకని ఎవరైనా ప్రశ్నించవచ్చు. సచివాలయం అన్ని శాఖలనూ ఒక కప్పు కిందకు తెచ్చిన మాట నిజం. పింఛనును సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తున్న మాట కూడా నిజం. ఐనా, అడిగిన దానికి సమాధానమిచ్చే కార్యాలయం ఒకటి, అడగడం తెలియని ఇంటిని వెతుక్కొంటూ వెళ్ళే మనిషి మరొకటి. వలస వెళ్ళిన కొడుకు కార్డు సంగతి గాని, బడి మానిన కుమార్తె సంగతి గాని అర్జీ పెట్టుకోని ఇంటి నుండి సచివాలయానికి ఎట్లా తెలుస్తుంది?

కనుక నా ప్రతిపాదన ఇది. మన కళాశాల జాతీయ సేవా పథకం విద్యార్థులు ప్రత్యేక శిబిరపు ఏడు దినాలను ఒకే గ్రామానికి కేటాయించాలి. వ్యాధిగ్రస్తులున్న ఇళ్ళను, లేని ఇళ్ళను కూడా చూడాలి. అప్పుడే పోలిక సాధ్యమవుతుంది. గత నెలలో ఎన్ని కార్యాలయాలకు తిరిగారు, ఎన్ని దినాల కూలి పోయింది, ఏ కాగితం ఎన్నిసార్లు ఇచ్చారు, అర్హత ఉండి అందనిదేమిటి, పిల్లలు ఎన్ని దినాలు బడి మానారు అనే అయిదు ప్రశ్నలు చాలు. మరుసటి సంవత్సరం అవే ఇళ్ళకు మళ్ళీ వెళ్ళాలి. తెలుగుతోపాటు ఒడియా మాట్లాడే ఇళ్ళు మన తీరంలో అనేకం, కనుక ఆ భాష తెలిసిన విద్యార్థులను ప్రతి బృందంలోనూ చేర్చాలి. ఏ కుటుంబం పేరూ బయటకు రాకూడదు. అన్నిటికంటె ముఖ్యం, తేలిన ఫలితాన్ని మొదట ఆ గ్రామస్థులకే చదివి వినిపించాలి. రక్తమూ నీరూ నమూనాలుగా ఇచ్చి ఇచ్చి అలసిన ప్రజల వద్దకు, మరల అడిగి పుచ్చుకొని మాయమయ్యే మరొక బృందంగా మనం పోరాదు.

పాలకవర్గంవారికి ఒక్క మాట. రాజ్యాంగంలోని 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు స్థాపించుకొనే హక్కునిచ్చింది. ఆ హక్కుతో నిలిచిన సంస్థ తన చుట్టూ ఉన్న అన్ని మతాల, అన్ని కులాల పేదలకు ఉపయోగపడినప్పుడు దాని గౌరవం ఇనుమడిస్తుంది. శిబిరానికి కావలసిన స్వల్ప వ్యయాన్ని, మార్గదర్శకులుగా ఇద్దరు అధ్యాపకుల సమయాన్ని కేటాయించడం పాలకవర్గానికి భారం కాబోదు. వచ్చే వార్షిక సంచికలో ఇటువంటి అభిప్రాయ వ్యాసానికి బదులు, ఒక గ్రామంలోని ఇళ్ళ వాస్తవ లెక్కలు అచ్చు కావాలని, వాటి ప్రతి పలాస రెవెన్యూ డివిజన్ అధికారుల బల్లపై ఉండాలని నా ఆకాంక్ష.