ఏడేళ్ల అప్‌డేట్లు సరే, మాన్యువల్ ఏది?

పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24లకి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఇప్పుడు ఫోన్లో టెర్మక్స్ వేసి, మ్యాన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, ఏదో ఒక కమాండ్ పేజీ తెరవండి. ఆ పేజీ రాసిన మార్కప్ పుట్టింది 1970ల్లో, బెల్ ల్యాబ్స్ యూనిక్స్ మీద.

దాని మూలం ట్రాఫ్ అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రామ్. మౌస్ లేదు, ప్రివ్యూ లేదు. మామూలు టెక్స్ట్ ఫైల్లో చుక్కతో మొదలయ్యే ఆదేశాలు రాస్తే పేజీ తయారవుతుంది. 1973లో జో ఒసాన్నా ఒక ఫొటో టైప్‌సెట్టర్ మెషీన్ కోసం రాశారు. 1977లో ఆయన చనిపోయారు. కథ అక్కడితో అయిపోవాల్సింది, కానీ ఆయన మాన్యువల్ రాసిపెట్టి వెళ్లారు. బ్రయన్ కెర్నిగన్ ఆ కోడ్ అందుకుని ఏ మెషీన్‌కైనా పనికొచ్చేలా మార్చారు. కోడ్ ఏటీ అండ్ టీది కాబట్టి, 1990లో జేమ్స్ క్లార్క్ అవే ఆదేశాలు అర్థం చేసుకునే గ్రాఫ్‌ని మొదటి నుంచి రాసి అందరికీ ఇచ్చేశారు. అది ఇంకా బతికే ఉంది. 2018 తర్వాత 1.23 వెర్షన్ రావడానికి 2023 అయింది. ఆ ఐదేళ్ల పనిలో డాక్యుమెంటేషన్ తిరగరాయడానిది పెద్ద వాటా. ఎవరూ అన్‌బాక్సింగ్ వీడియో చేయని పని.

నాకు దీని విలువ జగ్గయ్యపేటలో తెలిసింది. మాది నందిగామ. మా తాతయ్య 2006లో పొలాల పేర్లు, మునేరు వరదల జ్ఞాపకాలు కలిపి చిన్న పుస్తకం వేయించారు. టైపింగ్ జగ్గయ్యపేటలో ఒక డీటీపీ షాపులో. మళ్లీ వేద్దామని ఆ సీడీ తెరిస్తే తెలుగే లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. అప్పటి ఫాంట్లు యూనికోడ్ కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చేవి. ఏ ఫాంటో, ఏ వెర్షనో ఎక్కడా రాసి లేదు. అదంతా టైప్ చేసిన అన్న బుర్రలో ఉండేదట. ఆయన హైదరాబాద్ వెళ్లిపోయి పదేళ్లయింది. "మళ్లీ కొట్టించుకో బాబూ" అన్నాడు షాపాయన.

కన్వర్టర్లు ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి, ఫాంట్ ఏదో తెలిస్తే. తప్పు ఫాంట్ ఎంచితే వత్తులు ఎగిరిపోతాయి. నాలుగు ప్రయత్నించాక వదిలేశాను.

గ్రాఫ్ వాడమని చెప్పట్లేదు. తెలుగు వత్తులు, గుణింతాలు అతికించడం దానికి రాదు. మనకి జీలాటెక్ నయం. నా గొడవల్లా వేరు. మన రివ్యూల్లో కెమెరాకి మార్కులేస్తాం, బ్యాటరీకి వేస్తాం. నోట్స్ యాప్ నుంచి మన డేటా ఏ ఫార్మాట్లో బయటికొస్తుంది, ఆ ఫార్మాట్ ఎక్కడైనా రాసి ఉందా అని ఎవరైనా అడిగామా? నేను రాసిన రివ్యూల్లోనూ అడగలేదు. ఇకమీద దానికీ ఒక వరుస ఉంటుంది. లేకపోతే మార్కులు కోస్తా, తిట్టుకోండి.

తాతయ్య పుస్తకం ఇంట్లో ఒక్క కాపీ ఉంది. రాత్రిళ్లు చూసి కొడుతున్నా, 11 పేజీలయ్యాయి. యూనికోడ్ టెక్స్ట్ ఫైలు, పక్కనే ఒక రీడ్‌మీ.