నీట్ వాదన ఒక పక్క, మన పిల్లల పాఠం ఒక పక్క

సాయంత్రం పూట సంఘం కార్యాలయానికి వచ్చే తల్లిదండ్రులు ఈ మధ్య మమ్మల్ని ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఈ నీట్ పరీక్ష ఉంటుందా, పోతుందా?" పెళ్లి పిలుపుకు వచ్చినవారూ, చందా కట్టడానికి వచ్చినవారూ చివరికి మాటను అక్కడికే తెస్తున్నారు. ఉంటుందనే అనుకుని చదివించండి అన్నదే మా జవాబు. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

తమిళనాట 2007 నుంచి 2016 వరకు ప్లస్ టూ మార్కులతోనే వైద్య సీటు వచ్చేది. 2017 నుంచి నీట్ వచ్చింది. ఆ ఏడాదే అరియలూరు జిల్లాకు చెందిన అనిత అనే అమ్మాయికి ప్లస్ టూలో 1200కు 1176 మార్కులు వచ్చాయి, నీట్‌లో 86 వచ్చాయి. సీటు దక్కక, సుప్రీంకోర్టు దాకా వెళ్లి కూడా ఫలితం లేక, ఆ పిల్ల మనకు దక్కకుండా పోయింది. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే ఈ రాష్ట్రంలో ఇప్పటికీ నడుస్తున్న వాదన.

జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ నివేదిక తర్వాత 2021 సెప్టెంబరులో శాసనసభ నీట్ మినహాయింపు బిల్లును ఆమోదించింది. 2022 ఫిబ్రవరిలో గవర్నరు దాన్ని తిప్పి పంపారు. సభ మళ్లీ ఆమోదించి పంపింది. రాష్ట్రపతి ఆమోదం దొరకలేదని 2025 ఏప్రిల్ 4న ముఖ్యమంత్రి స్టాలిన్ సభలోనే ప్రకటించారు. రాజకీయం దాని దారిన అది నడుస్తుంది. న్యాయం ఎవరి పక్షాన ఉందో మన సభ్యుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి, ఉండనివ్వండి. ప్లస్ వన్‌లో చేరిన పిల్లకు మాత్రం చేతిలో ఉన్నది రెండేళ్లే. తీర్పు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ రెండేళ్లు తిరిగి రావు.

తెలుగులో ప్రశ్నపత్రం ఉంది, మనకు లేదు

నీట్ ఇప్పుడు 13 భాషల్లో జరుగుతోంది. 2017 నుంచే ఆ జాబితాలో తెలుగు ఉంది. అది చదివి మన ఇళ్లలో కొందరు సంతోషపడ్డారు. ప్రకటనలోని చిన్న అక్షరాలు కూడా చదవాలి. తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. తమిళనాడు కేంద్రాల్లో రాసేవారికి ప్రాంతీయ భాషగా దొరికేది తమిళమే. రాజపాళయంలో పుట్టి, ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని పిల్ల కూడా ఇక్కడ రాస్తే ఇంగ్లీషులోనో, తమిళంలోనో రాయాలి. తమిళం ఎంచుకుంటే ఇంగ్లీషు పాఠం కూడా పక్కనే అచ్చువేసి ఇస్తారు. ఇంగ్లీషు మాత్రమే ఎంచుకుంటే అదొక్కటే వస్తుంది. దరఖాస్తులో ఆ గడి దగ్గర టిక్కు పెట్టే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించాలి. ముప్పై ఏళ్లకు పైగా దరఖాస్తులు సరిచూసిన గుమాస్తా అనుభవంతో చెబుతున్నాం, తొందరలో నింపిన గడులే తర్వాత ఏడిపిస్తాయి.

అనువాదం అంటే ఏమవుతుందో 2018లో చూశాం. ఆ ఏడాది తమిళ పత్రంలో 49 ప్రశ్నల్లో తప్పులున్నాయని మదురైలోని హైకోర్టు బెంచి ఒక్కో ప్రశ్నకు 4 చొప్పున 196 మార్కులు కలపమంది. సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రమాణం అన్నది పరీక్ష నిబంధన. అంటే ఏ భాషలో రాసినా ఇంగ్లీషు మాట తెలిసి ఉండక తప్పదు.

మరి ఇంటి తెలుగుకు ఇందులో పనేమిటి? పనుంది. అది తర్వాత చెబుతాం.

7.5 శాతం ఎవరికి?

ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయిస్తూ 2020లో రాష్ట్రం చట్టం చేసింది. ఆ పిల్లల ఫీజు కూడా ప్రభుత్వమే కడుతోంది. పేద ఇళ్లకు ఇది పెద్ద దారి. అయితే ఆరో తరగతి నుంచి ప్లస్ టూ వరకు ప్రభుత్వ పాఠశాలలోనే చదివి ఉండాలి. విద్యాహక్కు చట్టం కింద ఎనిమిది వరకు ప్రైవేటులో చదివి, తొమ్మిది నుంచి ప్రభుత్వ పాఠశాలకు వచ్చినవారికి కూడా వర్తిస్తుంది. ఎయిడెడ్ పాఠశాలలకు మాత్రం వర్తించదు. 2022 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఈ చట్టాన్ని సమర్థించినప్పుడు కూడా ఎయిడెడ్ పిల్లలను కలపలేదు.

ఇక్కడే మన సమస్య ఉంది. మన పెద్దలు కట్టించిన బడులు ఎక్కువగా ఎయిడెడ్ బడులే. మిల్లు కార్మికుల పిల్లలు, మగ్గం పనివారి పిల్లలు అక్కడే చదువుతున్నారు. వారు ప్రభుత్వ బడి పిల్లల కంటే డబ్బున్నవారేమీ కారు. తెలుగు బతకాలంటే మన బడిలో చేర్చండని మేమే ఇన్నేళ్లు గడప గడపకూ తిరిగి చెప్పాం. ఆ మాట విని చేర్చిన తండ్రి ఈ రోజు వచ్చి, "నా కూతురికి 7.5 లేకుండా చేసింది మీ మాటేగా" అంటే మా దగ్గర జవాబు లేదు. ఈ సంగతి ఐదో తరగతి దాటకముందే ప్రతి ఇంటికీ చెప్పాలి. చెప్పకుండా చేర్పించుకోవడం న్యాయం కాదు. తెలిసిన తర్వాత కూడా మన బడినే ఎంచుకునేవారు ఎంచుకుంటారు. ఎయిడెడ్ పిల్లలనూ కలపమని ప్రభుత్వానికి విన్నపం పంపడం మన సంఘం చేయగల పని, చేయాలి కూడా.

సగం మార్కులు ఎక్కడున్నాయి?

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. భౌతికం 45, రసాయనం 45, జీవశాస్త్రం 90. అంటే 360 మార్కులు, సరిగ్గా సగం, జీవశాస్త్రానివే. తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. భౌతికం లెక్కలకు మంచి గురువు కావాలి, నిజమే. జీవశాస్త్రానికి మాత్రం పుస్తకం, ఓపిక, అడిగేవారు ఒకరు ఉంటే చాలా దూరం వెళ్లవచ్చు. అప్పు చేసి దూరపు ఊరి కోచింగ్‌కు పంపే ముందు ఈ సగం ఇంట్లో ఎంతవరకు వచ్చిందో చూసుకోవాలని మా మనవి.

మొదట్లోనే పిల్లలు బెదిరిపోయేది జీవ అణువుల పాఠం దగ్గర. అక్కడ ఇంటి తెలుగు పనికొస్తుంది. మన ఊరి పత్తితోనే మొదలుపెట్టవచ్చు. 1936లో రాజపాళయం మిల్స్ వచ్చినప్పటి నుంచి ఈ ఊరికి నూలే బతుకు. పక్కనే సత్తిరప్పట్టిలో బ్యాండేజి గుడ్డ నేస్తారు. మగ్గం మీద పోగు తెగకుండా పడుగు నూలుకు గంజి పెడతారని మనకు తెలుసు. నేసిన తర్వాత ఆ గంజి పోవాలి, లేకపోతే గుడ్డ తడి పీల్చదు. గంజి పోగొట్టడానికి అమైలేజ్ అనే ఎంజైమును వాడే పద్ధతి ఉంది. అది గంజిని విరగ్గొడుతుంది, నూలును ముట్టుకోదు.

ఎందుకు ముట్టుకోదు? గంజి స్టార్చ్. నూలు సెల్యులోజ్. రెండూ గ్లూకోజ్ గొలుసులే. స్టార్చ్‌లో గ్లూకోజులను కలిపేది ఆల్ఫా బంధం, సెల్యులోజ్‌లో బీటా బంధం. అమైలేజ్ ఆల్ఫా బంధాన్నే పట్టుకుంటుంది. మన లాలాజలంలోనూ అమైలేజ్ ఉంది. అన్నం చాలాసేపు నమిలితే తియ్యబడేది అందుకే. దూది ఎంత నమిలినా తీపి రాదు. చల్లారిన గంజిలో అయోడిన్ చుక్క వేస్తే నీలమవుతుంది. స్టార్చ్ గొలుసు మెలితిరిగి ఉంటుంది, ఆ మెలికలో అయోడిన్ ఇరుక్కుంటుంది. సెల్యులోజ్‌లో ఆ మెలిక లేదు, నీలం రాదు. ఇది వంటింట్లో ఒకసారి చూసిన పిల్ల పరీక్ష హాలులో మరచిపోదు.

అర్థం ఇంటి భాషలో తెలియాలి. మార్కు మాత్రం పుస్తకంలోని మాటకే వస్తుంది. ఎంజైమును తమిళ పుస్తకం నొది అంటుంది, ప్రోటీనును పురదం అంటుంది. ఆంధ్రలోని పుస్తకం మాంసకృత్తులు అంటుంది. మన పిల్లలకు మాంసకృత్తులు అన్న మాట కూడా కొత్తే. అందుకని తెలుగు పరిభాష నేర్పడం కోసం సమయం ఖర్చు చేయనక్కర్లేదు. మాట్లాడే తెలుగులో చెప్పి, పదం మాత్రం ఇంగ్లీషులో, తమిళంలో రాయించాలి.

పుస్తకాన్ని వాక్యం వాక్యం చదవాలి. జంతు ప్రపంచంలో అత్యధికంగా ఉన్న ప్రోటీన్ కొల్లాజెన్. మొత్తం జీవావరణంలో అత్యధికంగా ఉన్నది రూబిస్కో. ప్రశ్నలో ఆ ఒక్క మాట చూడకపోతే ఐదు మార్కుల తేడా, రావలసిన నాలుగు రావు, ఉన్నది ఒకటి పోతుంది. ఎంజైములు దాదాపు అన్నీ ప్రోటీన్లే, అన్నీ కావు. రైబోజైములు న్యూక్లిక్ ఆమ్లాలు. కొవ్వులు ఆమ్లంలో కరగని భాగంలో దొరుకుతాయి గానీ నిజానికి పెద్ద అణువులు కావు, వాటి అణుభారం 800 డాల్టన్లు దాటదు. అమైనో ఆమ్లాల్లో పక్క గుంపు హైడ్రోజన్ అయితే గ్లైసిన్, మిథైల్ అయితే అలనిన్, హైడ్రాక్సీ మిథైల్ అయితే సెరిన్. 'దాదాపు', 'అన్నీ', 'మాత్రమే' అన్న మాటల కింద గీత గీయించండి. మేము చదివింది పదకొండో తరగతే, అయినా పుస్తకం పట్టుకుని అడగగలుగుతున్నాం. మీరూ అడగగలరు.

ఇంకొకటి. 2024లో భౌతికంలో పరమాణువు గురించిన ఒక ప్రశ్నకు పాత పుస్తకం ఒక జవాబుకు, కొత్త పుస్తకం ఇంకో జవాబుకు దారితీశాయి. చివరికి సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణులను అడిగి ఒకటే సరైనదని తేల్చింది. ఆ ఒక్క ప్రశ్నతో మొదటి ర్యాంకుల జాబితాయే మారిపోయింది. అన్న చదివిన పాత పుస్తకం తమ్ముడికి ఇచ్చే ఇళ్లు మనవి. ఇవ్వండి, కొత్త పుస్తకం కూడా కొనండి.

ఇక సంఘం ఏం చేయాలి? పెళ్లిళ్లు లేని రోజుల్లో మన హాలు సాయంత్రం ఖాళీగా ఉంటుంది. జీవశాస్త్రం చెప్పి రిటైరైన ఉపాధ్యాయులు మనలో ఉన్నారు. వారానికి మూడు సాయంత్రాలు, ఒక్కో పాఠం, యాభై ప్రశ్నలు. రాజుల పిల్లలు, నాయకర్ల పిల్లలు, రెడ్డియార్ల పిల్లలు, దేవాంగుల పిల్లలు, అరుంధతీయుల పిల్లలు, తెలుగు మాట్లాడే ప్రతి ఇంటి పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చోవాలి. అరుంధతీయులకు 2009 నుంచి ఉన్న 3 శాతం లోపలి కేటాయింపు గురించి తెలియని ఇళ్లు ఇంకా ఉన్నాయి, వారికి కాగితాల పని మేము చేసిపెడతాం. తమిళం మాత్రమే తెలిసిన పక్కింటి పిల్ల వచ్చినా కాదనకూడదు.

సీటు రాని పిల్లలే ఎక్కువ ఉంటారని కూడా ముందే ఒప్పుకోవాలి. ఒక ఏడు పోతే మళ్లీ రాయించాలా వద్దా అన్నది పిల్లను అడిగి తేల్చండి, బంధువులను అడిగి కాదు. నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ చదువులకు కూడా ఈ పాఠమే పునాది. చదివింది వృథా పోదు.

2022 జనవరి నుంచి విరుదునగర్‌లోనే 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. మన జిల్లా కాలేజీలో మన వీధి పిల్ల ఒకతె తెల్లకోటు వేసుకుంటే చూడాలని మాకూ ఉంది. హాలు తాళం మా దగ్గరే ఉంది. పిల్లల పేర్లు ఇవ్వవలసింది మీరు.